మూడు గంటల ఢిల్లీ

ఆ రోజు వ్యాను గేటు దాటకముందే నాకు తెలిసిపోయింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన తప్పు ఏమిటో తర్వాత అందరి ముందూ ఒప్పుకున్నాను. అది ఎప్పుడు తెలిసిందో మాత్రం దాచుకున్నాను. "తర్వాత కూర్చుని లెక్కవేస్తే తెలిసింది" అన్నాను. అది అబద్ధం. డ్రైవరన్న ఇంజన్ స్టార్ట్ చేసి, వాచ్‌మన్ గేటు గొలుసు తీసేలోపల తెలిసింది. నేను వ్యానుకు పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. చేతిలో ప్యాడ్, పెన్ను. ఒక్కసారి "ఆగండి" అంటే ఆగేది. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. వ్యాను వెళ్ళిపోయింది.

ఆ రోజు డైరీలో "ఉక్కగా ఉంది, సాయంత్రం వాన పడొచ్చు" అని రాసుకున్నాను. డైరీకి కూడా చెప్పలేదన్నమాట.

నేను పనిచేసేది బోగోలు మండలంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, ఒక రొయ్య పిల్లల హేచరీలో. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని కంటికి ఆనేంత పెంచి, గుంటలు తవ్వుకున్న రైతులకు అమ్మడం అక్కడ పని. జువాలజీ డిగ్రీ చేతికి రాగానే చేరాను. ఏ ట్యాంకులో నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో, ఎంత ఉప్పగా ఉన్నాయో, పొద్దున మేత ఎంత వేశారో రాసిపెట్టడం నా ఉద్యోగం. నోరు తెరవాల్సిన అవసరం పెద్దగా ఉండదని తెలిసే ఒప్పుకున్నాను. మొదటి నెలంతా మా సార్ నన్ను మూగపిల్ల అనుకున్నారట.

మా దగ్గరికి వచ్చే తల్లి రొయ్యలు ఈ సముద్రానివి కావు. పసిఫిక్ మధ్యలో ఉన్న ఒక దీవి నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి. అక్కడ వాటిని కొన్నాళ్ళు విడిగా ఉంచి పరీక్షలు చేశాక మాకు ఇస్తారు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని, ఆ దీవి నుంచి చెన్నైకి ఎంత దూరమో ఫోన్‌లో చూశాను. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్యలో వంపు తిరిగిన గీత ఒకటి గీసి చూపిస్తుంది. పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు. ట్యాంకు అంచు మీద మోచేతులు ఆనించి ఆ రొయ్యల వంక చూశాను. నేను కావలి నుంచి బోగోలు దాకా బస్సులో వస్తే దేశం దాటినట్టే ఉంటుంది. నేనెప్పుడూ విమానం ఎక్కలేదు, ఎయిర్‌పోర్టు గేటు కూడా చూడలేదు. అప్పటి నుంచి అదొక అలవాటైంది. భోజనం అయ్యాక ఏవో రెండు ఊళ్ళు కొట్టడం, ఆ గీత చూడటం, కిలోమీటర్లు డైరీ చివరి పేజీల్లో రాసుకోవడం. ఎవరికీ పనికిరాని ఆ దూరాలు నాకు తీపి తిన్నట్టు ఉండేవి.

ఆ అలవాటే పని చెడగొట్టింది.

చైత్రం ఎండలు ముదురుతున్నప్పుడు ఢిల్లీ అవతల నుంచి ఒక ఆర్డరు వచ్చింది. అప్పటిదాకా మా రొయ్య పిల్ల అంతా లారీల్లోనే వెళ్ళేది. గూడూరు వైపు, బాపట్ల వైపు, బాగా దూరమంటే భీమవరం. విమానంలో పంపడం అదే మొదటిసారి. సార్ ఆ రోజు కాలు నేల మీద నిలపలేదు.

"సముద్రం మొహమే చూడని ఊరు అబ్బయా అది," అన్నారు మా టెక్నీషియన్ అన్నతో. "బోర్లో ఉప్పునీళ్ళు పడతాయంట. గోధుమ కూడా రాదంట ఆ నేల్లో. అందుకని గుంటలు తవ్వి రొయ్య వేస్తుండారు."

"ఢిల్లీ దాకా బతుకుతాయా సార్?"

"భీమవరం పోవాలంటే ఎనిమిది గంటలు. ఢిల్లీ మూడు గంటలే! భీమవరం కంటే ఢిల్లీ దగ్గర మనకి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ లెక్క నాకూ ఎంతో నచ్చింది.

ఇక్కడ ప్యాకింగ్ సంగతి కొంచెం చెప్పాలి. పిల్లల్ని ఎవరూ ఒక్కోటిగా లెక్కపెట్టి పంపరు. ఒక తెల్ల గిన్నెలో మాత్రం చెంచాతో ఒక్కోటిగా లెక్కపెట్టి వేస్తారు. ఆ గిన్నెను బల్ల మీద ఎదురుగా పెట్టుకుని, మిగిలిన గిన్నెల్లో కూడా అంతే మందంగా కనిపించేలా పిల్లను పోస్తారు. తేడా చెప్పేది కన్ను ఒక్కటే. మా షెడ్డులో ఆ కన్ను ప్యాకింగ్ అక్కది. నలభై దాటిన మనిషి, ఒడ్డున ఉన్న పాలెం నుంచి నడిచి వస్తుంది. ఆదివారం ప్యాకింగ్ ఉంటే చర్చి నుంచి తెల్లచీరతోనే వచ్చి, కొంగు దోపుకుని బల్ల ముందు నిలబడుతుంది. గిన్నెను చేత్తో ఒక్క తిప్పు తిప్పి, "చాల్లేదు", "ఎక్కువైంది", "పోయ్" అంటుంది. రైతులు ఎవరైనా అనుమానపడి గిన్నె లెక్కపెట్టించుకుంటే అక్క మాటే నిలబడేది.

ఒక సంచికి ఎన్ని గిన్నెలు పోయాలన్నది ప్రయాణాన్ని బట్టి ఉంటుంది. ఆరు గంటల్లోపైతే మూడు గిన్నెలు. పన్నెండు దాకా అయితే రెండు. అంతకు మించితే ఒకటే, నీళ్ళు బాగా చల్లబరచాలి. ఆ గంటలు రాసిచ్చేది నేను. ప్యాకింగ్ స్లిప్పులో "ప్రయాణం" అని ఒక గడి ఉంటుంది. లారీ ఆర్డర్లకు మా గేటు నుంచి రైతు గుంట దాకా ఎంత పడుతుందో డ్రైవర్ని అడిగి రాసేదాన్ని.

విమానానికి డ్రైవర్ని అడగాలని తట్టలేదు. ఫోన్ తీశాను. చెన్నై, ఢిల్లీ అని కొట్టాను. పదిహేడు వందల అరవై కిలోమీటర్లు, మూడు గంటల లోపు. ఆ అంకె డైరీలో ఎక్కించుకున్నాను. స్లిప్పు గడిలో "3 గం." అని రాశాను. టెక్నీషియన్ అన్న చూసి సంతకం పెట్టాడు.

అక్క ఒక్కతే అడిగింది. "మూడు గంటలా? ఒంగోలు అవతలికి పోయినంత సేపట్లో ఢిల్లీనా పాపా?"

"విమానం అక్కా," అన్నాను.

"ఓహో. విమానం." చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని ఊరుకుంది. "అయితే మూడు గిన్నెలు పొయ్యండే!" అని బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు కేక వేసింది.

సంచుల్లో నీళ్ళు, పిల్ల, పైన ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండ్లు, అట్టపెట్టె, లోపల పేపర్లో చుట్టిన ఐసు. రెండు గంటల్లో పెట్టెలన్నీ వ్యానెక్కాయి. అక్కకు ఒక పద్ధతి ఉంది. ఎప్పుడు ప్యాకింగ్ చేసినా చివరి సంచిని పంపదు. దాన్ని కూడా అలాగే పెట్టెలో పెట్టి, షెడ్డు మూల ఉంచుతుంది. జత సంచి అంటుంది దాన్ని. స్లిప్పులో రాసిన గంటలు గడిచాక విప్పి చూస్తుంది. అక్కడ రైతు దగ్గర ఎలా ఉంటుందో ఇక్కడ తెలుస్తుందని.

వ్యాను బయల్దేరుతుంటే వాచ్‌మన్ డ్రైవరన్నను ఊరికే పలకరించాడు.

"ఎప్పటికి చేరతావబ్బయా చెన్నైకి?"

"ఐదు గంటలు పట్టదా? తొందరగా పోవాల. విమానానికి నాలుగు గంటల ముందే పెట్టెలు ఇయ్యాలంట. లేకుంటే తీసుకోరంట."

"ఆడ ఢిల్లీలో దిగితే అయిపోయినట్టేనా?"

"యాడ అయిపోయింది? ఆడ నుంచి జీపులో ఇంకో ఆరు గంటలు పోవాలంట ఆయప్ప, ఆ రైతు."

ఐదు, నాలుగు, ఆరు. నా మూడు. గొలుసు తీసిన చప్పుడైంది. ఆ తర్వాత సంగతి మొదటే చెప్పాను.

మూడు గంటల తర్వాత అక్క జత సంచి విప్పింది. పిల్ల గిన్నెలో ఎగిరెగిరి పడింది. "చూడండే, ఒక్కటీ పడుకోలేదు," అని అందరికీ చూపించింది. నేను రికార్డు గది కిటికీలోంచి చూస్తూ, ఏదోలా బతుకుతాయిలే, ఆక్సిజన్ నిండుగానే పట్టారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు ఆ రైతు పంపిన వీడియో సార్ ఫోన్‌లో అందరం చూశాం. సంచి వెనక సంచి. నీళ్ళు పాలు విరిగినట్టు. అడుగున తెల్లగా పేరుకుపోయిన పిల్ల. చూపిస్తున్న చెయ్యి మాత్రం కనబడుతోంది, ముదురు వేళ్ళు, గోళ్ళలో మట్టి. ఆయన ఏదో అంటున్నాడు. తర్వాత సార్ ఫోన్ చేసి, తనకొచ్చిన హిందీలో "హా జీ, హా జీ" అని పెట్టేశారు.

తర్వాత షెడ్డులో నడిచిన ఆలోచన ఇది. ప్రయాణం మూడు గంటలు. జత సంచి మూడు గంటలకు నిక్షేపంగా ఉంది. కాబట్టి పిల్లలో దోషం లేదు, నీళ్ళలో లేదు. మిగిలింది లెక్క. జత సంచిలో సరిగ్గా పోసి, మిగతావాటిలో ఎక్కువ పోశారు. వ్యాను గంటలు వ్యానువాళ్ళ నోట్లో ఉన్నాయి, విమానం గంటలు మా స్లిప్పులో ఉన్నాయి. రెండూ కలిపి చూసినవాళ్ళు ఎవరూ లేరు, నేను తప్ప.

"మూడు గిన్నెలేనా అక్కా? నాలుగు పడ్డాయా?" అని టెక్నీషియన్ అన్న అడిగాడు.

"మూడే అబ్బయా."

"అయితే గిన్నె మందమైపోయుంటది."

సార్ కసిరినా బాగుండేది. ఆయన మెత్తగా అన్నారు. "వయసు అందరికీ వస్తది అక్కా. కొన్నాళ్ళు ట్యాంకులు చూసుకో. కంటికి విశ్రాంతి."

ట్యాంకులు చూసుకోవడమంటే, ఖాళీ అయిన ట్యాంకుల్లోకి దిగి బ్లీచింగ్ నీళ్ళతో గోడలు రుద్దడం. కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే పని. అక్క స్థానంలో బల్ల ముందు వేరొకామె నిలబడింది. మిగతా ఆడవాళ్ళు మంచివాళ్ళే. అయినా నోరు ఊరుకోదు.

"పడుకునేటప్పుడు నందివర్ధనం పూలు పెట్టుకో అక్కా కళ్ళ మీద. చల్లగుంటది."

"ఉండే పూలన్నీ నీ జడలోనే ఉండాయి గదమే, నాకేడ మిగిల్నాయి?" అని ట్యాంకులోంచి అక్క. అందరూ నవ్వారు. అక్క మొహం ట్యాంకు లోపల ఉంది, ఎవరికీ కనబడలేదు.

పదిహేను రోజులు అలా గడిచాయి. రోజూ చెబుదామనుకుని వెళ్ళేదాన్ని. రోజూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అడ్డం వచ్చినది ఏదీ లేదు నిజానికి, నేనే.

ఒక శనివారం అక్క రికార్డు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పాపా, కావల్లో కంటి డాక్టరు దగ్గరికి తోడు రావా? ఆడ అచ్చరాలు చదవమంటారంట."

వెళ్ళాం. చదువు రానివాళ్ళకు వేరే అట్ట ఉంటుంది. మూడు కాళ్ళ గుర్తు ఒకటి, కాళ్ళు పైకి, కిందికి, పక్కకి తిరిగి ఉంటాయి. ఎటు తిరిగిందో వేళ్ళతో చూపాలి. అక్క కింది వరస దాకా చూపించింది. చివరి వరసలో గుర్తులు నాకే సరిగా కనబడలేదు. తర్వాత సూది, దారం ఇచ్చారు. ఒక్కసారికే ఎక్కించింది. డాక్టరమ్మ నవ్వి, "నీ కళ్ళకు ఏమీ కాలేదమ్మా. ఇంటికెళ్ళు," అంది.

అక్క లేవలేదు. "సరిగా చూడమ్మా తల్లీ," అంది. "నా కంటికి ఎక్కువ తక్కువ తెలీడం లేదు." డాక్టరమ్మ మళ్ళీ చూసి మళ్ళీ అదే చెప్పింది.

బయట మెట్ల మీద అక్క నా చెయ్యి పట్టుకుంది. బ్లీచింగ్‌కి వేళ్ళ చివర చర్మం ఊడి, గరుగ్గా ఉంది. "అద్దాలు రాయించు పాపా," అంది. "ఊరికే అయినా రాయించు. పెట్టుకుంటే సార్ మళ్ళీ బల్ల దగ్గరికి రానిస్తాడేమో."

బస్టాండు దాకా నడిచాం. నాకు ఏడుపు రాలేదు. ఒక్కటే అనుకున్నాను. సోమవారం కాదు, వీలు చూసుకుని కాదు, రేపు. రేపు ఆదివారం, ప్యాకింగ్ ఉంది, అందరూ ఉంటారు. ఒక్కరికి చెబితే అది ఆ ఒక్కరి దగ్గరే ఆగిపోతుంది. అందరికీ చెప్పాలి. ఇంటికి పోయి, చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకున్నాను. నాలుగు వాక్యాలు. కొట్టేసి, కొట్టేసి, రెండు వాక్యాలకు తెచ్చాను. అద్దం ముందు నిలబడి పైకి చదివాను. అమ్మ వంటింట్లోంచి "ఎవరితోనే?" అంది.

మర్నాడు షెడ్డులోకి వెళ్ళేసరికి ఆక్సిజన్ సిలిండరు బుస్సుమంటోంది. నా గొంతు దానికి సరిపోదు. వెళ్ళి సిలిండరు కట్టేశాను. చేతులన్నీ ఆగాయి. సార్ కూడా తిరిగి చూశారు.

"ఢిల్లీ స్లిప్పు తప్పు రాసింది నేను," అన్నాను. "మూడు గంటలు విమానానికే. గేటు నుంచి గుంట దాకా ఎంతో నేను కలపలేదు. అక్క సరిగ్గానే పోసింది."

రెండో వాక్యం ఒక్కటే మూడు వాక్యాలైపోయింది. కాగితం చేతిలోనే ఉంది.

"కలిపితే ఎంత?" అన్నారు సార్.

"సంచి మూతి కట్టినప్పటి నుంచి విప్పేదాకా ఇరవై పైనే ఉంటుంది సార్."

టెక్నీషియన్ అన్న బల్ల మీద చెయ్యి ఆనించాడు. "సంతకం పెట్టింది నేను సార్," అన్నాడు. ఆ ఒక్క మాటకు అన్న మీద నాకున్న భయం సగం పోయింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నారు సార్.

అప్పుడే ఆ అబద్ధం చెప్పాను.

సార్ నా చేతిలోని కాగితం వంక చూశారు. ఢిల్లీని భీమవరం కంటే దగ్గర చేసింది తానేనని ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. చివరికి, "ఆయనకు మళ్ళీ పిల్ల పంపాల," అన్నారు. "ఈసారి చావకూడదు. ఏం చేస్తావో చెయ్యి."

"అక్క ప్యాక్ చెయ్యాలి సార్."

"సరే."

"వ్యానులో నేను చెన్నై దాకా పోతాను. ఎక్కడ ఎంతసేపు పడుతుందో చూసి రాస్తాను."

"నువ్వా?" అన్నారు. "ఫోనెత్తి హలో అనడానికి నీకు పది నిమిషాలు పడుతుంది గదమ్మా!"

"పోతాను సార్."

అక్కను ట్యాంకులోంచి పిలుచుకొచ్చారు. విషయం అప్పటికే చేరింది. నా దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. తిట్టనూ లేదు. పంపు దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది, బ్లీచింగ్ వాసన పోయేదాకా కడుక్కుంది. నేను వెళ్ళి వెనక నిలబడ్డాను.

"నా కళ్ళు నాకే దొంగలైనాయి పాపా ఇన్నాళ్ళు," అంది తిరక్కుండానే. "డాక్టరమ్మ చెప్పినా నమ్మలా. ఎందుకు నమ్మలా అంటే, నీ చీటీని నమ్మినా."

నేను వంగి పంపు కట్టేశాను.

ఆ రైతుతో మాట్లాడాల్సిన పని నా మీదే పడింది. "మీ ఇళ్ళల్లో ఉర్దూ ఉంటది గదా," అన్నారందరూ. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మా జేజి, అంటే మా నాయనమ్మ, తిట్టడానికి మాత్రం వాడుతుంది. కాబట్టి నాకు తిట్లు బాగా వచ్చు, మర్యాదలే తక్కువ. అడగాల్సినవి వరసగా రాసుకుని, స్కూలు హిందీని జేజి ఉర్దూతో కలిపి ఫోన్ చేశాను. ఆయన గొంతు పెద్దది, నిదానమైనది. కోపం ఉంటుందనుకున్నాను. విమానం దిగాక పెట్టెలు అక్కడి షెడ్డులో రెండు గంటలు ఉన్నాయని, ఆ తర్వాత రోడ్డు మీద ఆరు గంటలని చెప్పాడు. "ముందే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి బేటీ," అన్నాడు. "ఎవరూ అడగలేదు." ఈసారి కూడా పోతే ఆ గుంట ఎండగట్టేస్తానని, ఇంక వెయ్యనని అన్నాడు.

ప్యాకింగుకు రెండు, చెన్నైకి ఐదు, అక్కడ ఎయిర్‌పోర్టు గోదాములో నాలుగు, గాలిలో మూడు, దిగాక రెండు, రోడ్డు మీద ఆరు. ఇరవై రెండు. స్లిప్పు గడిలో ఆ అంకె పట్టేలా రాసి, కింద ఒక్కోటీ విడదీసి రాశాను. అక్కకు చదివి వినిపించాను. ప్రతిదానికీ "ఎవురు చెప్పినారు?" అని అడిగింది. డ్రైవరన్న, ఫోన్ చేసి అడిగితే గోదాము గుమాస్తా, రైతు. ఒక్కో పేరుకీ తల ఊపింది. "నీ ఫోను చెప్పిందేది?" "గాలిలో మూడు గంటలు, అదొక్కటే అక్కా."

"ఒక గిన్నె," అంది అక్క. "ఐసు రెండింతలు."

పంపే రోజు పొద్దున తొమ్మిదికి మొదటి సంచి మూతి కట్టారు. అక్క బల్ల ముందు నిలబడింది. మొదటి గిన్నెను తిప్పి చూసి ఆగిపోయింది. చుట్టూ అందరూ చేతులు ఆపి చూశారు, పూల మాట అన్నామె కూడా. అక్క మళ్ళీ తిప్పింది. "ఎక్కువైంది," అంది మెల్లగా. రెండో గిన్నెకు గొంతు కొంచెం లేచింది. పదో గిన్నెకు ఎప్పటిలా కేకలు వేసింది.

పదకొండుకు నేను వ్యానెక్కాను. డ్రైవరన్న పక్కన, ఒళ్ళో ప్యాడ్, చేతికి నాన్న వాచీ. నెల్లూరు దాటాం. చిల్లకూరు దగ్గర ధాన్యం లారీల వెనక ఇరవై నిమిషాలు ఇరుక్కున్నాం, అది రాశాను. "ఏమ్మా, నేను గుక్క తిప్పుకున్నా రాస్తావా?" అన్నాడు డ్రైవరన్న. టీకి ఆపబోతే వద్దన్నాను. నేను వద్దనడం ఆయనెప్పుడూ వినలేదు, నేనూ వినలేదు. ఆపలేదు.

నాలుగు దాటాక సరుకు గోదాము చేరాం. నేను ఊహించుకున్న ఎయిర్‌పోర్టు లేదక్కడ. పెద్ద రేకుల షెడ్డు, తూకం, వరసలు, చెమట. మా పెట్టెలను ఎండ పడే గోడ వారన దించబోయారు. వాళ్ళు మాట్లాడేది అరవం. నాకు సూళ్ళూరుపేట చుట్టాల పుణ్యమా అని నాలుగు ముక్కలు వచ్చు. వెళ్ళి పెట్టెకూ ఎండకూ మధ్య నిలబడ్డాను. "ఉయిరు," అన్నాను పెట్టె మీద చెయ్యి పెట్టి. ప్రాణం. హమాలీ ఒకసారి నన్ను, ఒకసారి పెట్టెను చూసి, తోపుడు బండి నీడలోకి తిప్పాడు. పెట్టెలన్నీ నీడలోకి పోయేదాకా నేను కదల్లేదు. నెత్తి మీదుగా ఒక విమానం దిగింది. దాని పొట్ట అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. టైము రాసుకున్నాను.

రాత్రికి రాత్రే వ్యానులో తిరిగొచ్చి, మర్నాడు పొద్దున ఆరున్నరకే షెడ్డులో ఉన్నాను. అక్క నాకంటే ముందే వచ్చి, జత సంచి పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది. ఏడుకు ఐదు నిమిషాలు ఉండగా రైతు వీడియో కాల్ చేశాడు. వెనక పొద్దుటి ఎండ, బల్లపరుపు నేల, గట్టు మీద ఆయన పెట్టె. టేపు కోశాడు. ఇక్కడ అక్క రబ్బరు బ్యాండు విప్పింది. ఇద్దరూ ఒకేసారి సంచులను గిన్నెల్లోకి వంచారు.

నేను ముందు ఏ గిన్నె చూడాలో తెలియక అక్క మొహం చూశాను. ఆమె గిన్నెను ఒక్క తిప్పు తిప్పింది. పిల్ల నీటికి ఎదురు ఈదింది. అడుగున నాలుగో ఐదో తెల్లగా ఉన్నాయి, అంతే. ఫోన్‌లో ఆ ముదురు వేళ్ళు గిన్నెను దగ్గరికి తెచ్చాయి. అక్కడా అదే, గిన్నె నిండా గోధుమరంగు కదలిక. ఆయన ఏమీ అనకుండా నవ్వుతున్నాడు.

"ఏమంటుండాడు?" అంది అక్క.

"ఏమీ అనడం లేదక్కా."

"నవ్వింది చాల్లే గాని, సంచి నీళ్ళతో సహా గుంటలో కుమ్మరించొద్దని చెప్పు. ఆయన నీళ్ళు దోసెడు దోసెడు కలుపుతా అలవాటు చెయ్యమను. అరగంట పట్టాల."

చెప్పాను. దోసెడు అనే మాట నాకు హిందీలో రాక రెండు చేతులూ కలిపి చూపించాను. ఆయన కూడా రెండు చేతులూ కలిపి చూపించి తల ఊపాడు. ఫోన్ పెట్టేశాక సార్‌కు కబురు చేశాను. అక్క జత సంచి పిల్లను ట్యాంకులోకి వదిలి, గిన్నె కడిగి బోర్లించి, టిఫిన్ బాక్సు తీసుకుని బయల్దేరింది. ఆ రోజు ఆమెకు సెలవు. నేను గుమ్మం దాకా వెంట వెళ్ళాను, ఏదైనా అనాలని. అక్క చెప్పులు వేసుకుంటూ తల ఎత్తింది.

"రేపు ఎనిమిదింటికల్లా బల్ల దగ్గరికి రా. గిన్నె చూడటం నేర్పిస్తా, నా ఒక్కదాని కన్ను మీదే షెడ్డంతా నడిస్తే ఎట్ట? ఆ ఫోను మాత్రం ఇంట్లో పెట్టేసి రా మే."